చేతులు ఆడిన చలికాలం

గదిలో చలి. బయట హనుమకొండ రోడ్ల మీద మే నెల మధ్యాహ్నం తారును మెత్తబరుస్తుంటే, ఇక్కడ, ఈ కిటికీ లేని గదిలో, పద్మలత పాదాలు చన్నీళ్లలో పెట్టినట్టున్నాయి. బల్ల సన్నగా, మనిషి వీపుకు సరిపోయేంతే ఉంది. తల కింద, భుజాల కింద ఎత్తుగా మెత్తలు వేశారు. చదునుగా పడుకోబెడితే ఆమెకు ఊపిరి అందదు. పొట్ట చుట్టూ, కిందా మీదా, బరువైన సీసపు పట్టీ కప్పారు. "లోపలున్నోళ్లకు ఎక్స్‌రే తగలొద్దు గదా" అంది డాక్టర్ దీప మాస్కు వెనక నుంచి. లోపలున్నోళ్లు. ఆరో నెల నడుస్తోంది. పేరు లేదు, మొహం ఎట్లుంటుందో తెలియదు, అయినా ఇంటికి వచ్చిన చుట్టాన్ని అన్నట్టు మర్యాదగా అన్నది డాక్టరమ్మ. పద్మలతకు ఆ మాట నచ్చింది. పొద్దుటి నుంచి ఆమెకు నచ్చిన మొదటి మాట అదే. భయం తగ్గడానికని చేతికి ఇచ్చిన సూది మందు మెల్లగా ఒంట్లోకి దిగుతోంది, గోరువెచ్చని నీళ్లు మోకాళ్ల దాకా, నడుము దాకా వస్తున్నట్టు. పైన గుండ్రటి దీపం ఒకటి రెండవుతోంది, మళ్లీ ఒకటవుతోంది.

"తొడ కాడ మత్తు సూది ఇస్తున్న. చురుక్కుమంటది, అంతే. మెలకువతోనే ఉంటవు, నాతోటి మాట్లాడుతుండు. కదలకు మాత్రం."

కదలకు. ఈ మాట ఎవరెవరి గొంతుల్లో విన్నదో. అమ్మ గొంతులో, జడ వేస్తూ. బడిలో రాంచందర్ సారు గొంతులో, బెత్తం మోచేతి సందులో పెట్టుకుని. కాశిబుగ్గ వీధిలో ఆడపిల్లల గొంతుల్లో, తొక్కుడుబిళ్ల గీతల మీద. కదలకు లతా, కదలకు. తాను కదలలేదు. ఎన్నడూ కదలలేదు. కదిలింది చేతులు. ఆ చలికాలం ఆమె చేతులు ఆమె మాట వినడం మానేశాయి. అప్పటికి ఆమెకు పదేళ్లుంటాయేమో. దానికి ముందు, వానలు పడుతున్నప్పుడు, గొంతు నొచ్చింది. ఉమ్ము మింగితే ముల్లు దిగినట్టు. అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమన్నది, నాలుగు రోజులకు తగ్గింది, అందరూ మరిచిపోయారు. గొంతు నొప్పిని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? తర్వాత ఒక మోకాలు వాచి వేడెక్కింది, అది తగ్గకముందే చీలమండకు పోయింది, అక్కడి నుంచి మోచేతికి. నొప్పి ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతున్నట్టు ఒక్కో కీలు దగ్గరా ఆగింది. ఎదిగే పిల్లలకు కాళ్లు గుంజుతయి అన్నారు అందరూ. జ్వరంలో పడుకుని వాకిట్లోకి చూస్తే, బాపు రంగులద్దిన నూలు చిలుపలు, దారపు చుట్టలు, వెదురు బొంగు మీద ఆరేసి ఉండేవి. ఎరుపు, నీలం, పసుపు. వాటి కొసల నుంచి రంగు చుక్కలు నేల మీద రాలుతుంటే, ఎరుపు చుక్క నీలం చుక్కలోకి పాకి ఊదా రంగు మడుగయ్యేది. జ్వరం ఎక్కినప్పుడు ఆ మడుగులోకి దిగి నడిచేది తను. చల్లగా ఉండేది. ఇప్పుడు ఈ గదిలో ఉన్నట్టే.

చురుక్కుమంది. అంతే, డాక్టరమ్మ చెప్పినట్టే. తర్వాత తొడ తనది కాకుండా పోయింది. అక్కడి నుంచి దారంలాంటి గొట్టం ఒకటి రక్తనాళంలో పైపైకి ఎక్కి గుండెలోకి పోతుందట. దాని కొసన చిన్న బెలూన్. గుండెలో ఒక గది నుంచి ఇంకో గదికి రక్తం పోయే తలుపు, తనకు అతుక్కుపోయింది. "మామూలోళ్లకు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంటది. నీది అంగీ కాజా అంత ఉన్నది. రక్తం పోయే తొవ్వ లేక వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్ల ఆగుతాంది. గందుకే నీకు ఆయాసం" అని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది దీప మేడమ్. బెలూన్‌ను ఆ కాజాలో పెట్టి ఊదితే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే? మరీ ఎక్కువ చిరిగితే? ఆ ప్రశ్నలకు కూడా మేడమ్ జవాబు చెప్పింది, ఏదీ దాచలేదు. పద్మలత విన్నది. విని, గోడ మీది చిన్నపిల్ల బొమ్మను చూస్తూ కూర్చున్నది. ఆ పిల్ల నోట్లో బొటనవేలు.

ఆ చలికాలం పాల గ్లాసుతో మొదలైంది. పట్టుకున్న గ్లాసు ఊరికే ఎగిరి గోడకు తగిలింది. అమ్మ తిట్టింది. మర్నాడు అన్నం ముద్ద నోటికి కాకుండా చెవి దగ్గరికి పోయింది. అమ్మ నవ్వింది, తనూ నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. భుజం ఎగిరేది. వేళ్లు వాటంతట అవే వీణ వాయిస్తున్నట్టు ఆడేవి. కనుబొమ్మలు పైకి, మూతి పక్కకు. రాతలో అక్షరాలు గీతల మీంచి దిగి కాగితం అంచుల దాకా పరుగెత్తేవి. బడిలో పిల్లలు 'కరెంటు లత' అని పేరు పెట్టారు. ప్రార్థన లైన్లో రాంచందర్ సారు ఆమె ముందు ఆగాడు. సారు చెడ్డవాడు కాదు, పాఠం చక్కగా చెప్పేవాడు, ఎక్కాలు పాటలా పాడించేవాడు.

"ఏందే, నన్ను చూసి మూతులు తిప్పుతానవా?"

"లే సార్" అనబోయింది. నాలుక తిరగలేదు. మూతి మళ్లీ పక్కకు పోయింది. బెత్తం రెండు చేతుల మీదా పడింది. దెబ్బ కంటే, దెబ్బ పడ్డాక కూడా చేతులు ఆడుతూనే ఉన్నాయని చూసి సారు మొహంలో మారిన రంగు ఆమెకు బాగా గుర్తుంది. ఆయన బెత్తం కింద పడేశాడు. ఆమె చేతులు రెండూ తెల్లటి ఎండలో ఆడుతున్నాయి, ఎవరో కనపడని వాళ్లు ఎక్కడో దూరాన డప్పు కొడుతుంటే దానికి తగ్గట్టు. తనకు ఏడుపు కూడా రాలేదు. తన చేతుల్ని తనే బయటి నుంచి చూసింది. అవి అందంగా ఉన్నాయనిపించింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"పద్మలతా, నిద్ర పోతున్నవా?"

"లేదు మేడమ్."

"ఏం ఆలోచిస్తున్నవ్?"

"చేతులు."

"చేతులకేమైంది?"

"ఏం కాలేదు మేడమ్. మంచిగున్నయి."

గాలి సోకిందన్నారు. అమ్మ కట్టమ్మ ఎవరు ఏ చోటు చెబితే అక్కడికి తీసుకుపోయింది. ఒక చోట తాయెత్తు, ఒక చోట వేపమండలు, దర్గాలో నెమలీకల కట్టతో నెత్తి మీంచి కాళ్ల దాకా తుడిచిన ముసలాయన. ఆయన చేతులు కూడా వణికేవి, వయసుతో. ఆయన ఆమెను చూసి చిన్నగా నవ్వాడు, నీదీ నాదీ ఒకటే అన్నట్టు. ఊదు పొగ, గులాబీల వాసన, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. బాపు చంద్రమౌళి మాత్రం ఎక్కడికీ రాలేదు. మగ్గం గుంతలోంచి లేచి, ఆమెను తన ముందు కూర్చోబెట్టుకుని, ఆమె రెండు చేతుల్నీ తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చునేవాడు. జంపఖానాలు నేసీ నేసీ కాయలు కాసిన చేతులు. బిగించేవాడు కాదు, ఊరికే పట్టుకునేవాడు. ఆయన పిడికిళ్లలో ఆమె చేతులు పట్టుబడ్డ పిట్టల్లా కొట్టుకునేవి. సగం నేసిన జంపఖానా అట్లాగే మగ్గం మీద ఉండేది. "గట్టిగ పట్టుకో బాపూ" అనేది తను. "గట్టిగ పడితే నొస్తది బిడ్డా. ఆడనియ్యి. అవి అలసిపోతే అవే ఊకుంటయి" అనేవాడు. నిజంగానే నిద్ర పట్టగానే అవి ఆగిపోయేవి. దయ్యమైతే నిద్రలో ఊరుకుంటుందా అని అమ్మను అడిగాడట బాపు ఒకరోజు. ఆ ఒక్క ప్రశ్నతో బిడ్డను భుజాన వేసుకుని పెద్ద దవాఖానకు పోయాడు.

అక్కడ నెరిసిన జుట్టు డాక్టరమ్మ. పేరు తెలియదు, మళ్లీ చూడలేదు. నాలుక చాపి అట్లే ఉంచు అన్నది. ఉంచలేకపోయింది, నాలుక పాము లాగా లోపలికీ బయటికీ. నా వేళ్లు పిసుకు అన్నది. పిసికింది, పిడికిలి బిగుస్తూ, సడలుతూ, ఆవు పాలు పిండినట్టు. డాక్టరమ్మ మొహం వెలిగింది. దాన్ని పద్మలత ఎన్నడూ మరిచిపోలేదు. ఇన్ని నెలల్లో తనను చూసి భయపడకుండా వెలిగిన మొదటి మొహం. "ఎన్నడన్న గొంతు నొచ్చిందా? కీళ్లు వాచినయా?" అని అడిగింది. బాపు తల ఊపాడు. ఈమెకెట్ల తెలుసు? గొంతులో చేరిన పురుగుతో కొట్లాడుతూ కొట్లాడుతూ ఒళ్లు తన మీదనే తిరగబడిందని, కీళ్లనూ, మెదడులో ఒక మూలనూ, గుండెనూ శత్రువనుకుని కొడుతోందని చెప్పింది. గాలీ కాదు, దయ్యమూ కాదు. చేతులు బాగవుతాయి. గుండె సంగతే చూడాలి. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది, ఏండ్లకేండ్లు, ఒక్కటి కూడా తప్పొద్దు. ఎండలు ముదిరేసరికి చేతులు నెమ్మదించాయి. ఒకరోజు పొద్దున లేచి గ్లాసు పట్టుకుంటే గ్లాసు చేతిలోనే ఉంది. ఆమెకు సంతోషం కాకుండా ఇంకేదో అనిపించింది. పండగకొచ్చిన చుట్టాలు వెళ్లిపోయిన తెల్లారి ఇల్లు ఉన్నట్టు.

కడుపులో ఏదో కదిలింది. సీసపు పట్టీ కింద, చిన్నగా. తనది కాని కదలిక. కదలకు, అన్నది మనసులోనే. మళ్లీ అనుకుంది, ఆడనియ్యి.

"గుండెల గొట్టం పోయింది. జర దడదడ అనిపిస్తది, భయపడకు" అంటోంది దీప మేడమ్, ఎక్కడో నీళ్ల అవతలి నుంచి. దడదడ అంది. తప్పిన దరువు, ఆగి, మళ్లీ. తెర మీద నల్లటి తెల్లటి నీడల్లో పురుగులాంటి గీత ఒకటి కదులుతోంది, అది తన లోపలిదట. మనిషి తన లోపలికి ఇంత దూరం పోవచ్చా? సూదులు, అవును, సూదులు. బాపు సైకిలు మీద వెనక కూర్చుని పోయేది, వచ్చేటప్పుడు కూర్చోలేక ముందు రాడ్ మీద పక్కకు ఒరిగి వచ్చేది. తుంటి రాయిలా బిగుసుకుపోయేది. చౌరస్తా దగ్గర బాపు ఐసు గోలా కొనిపెట్టేవాడు, ఆమె ఎర్రదే అడిగేది. చలిమంచు పెదవులకు, నొప్పి తుంటికి. ఎన్నేళ్లు పోయారో. డిగ్రీలో చేరిన ఏడు ఆ సూది మందు దుకాణాల్లో దొరకలేదు. ఇక్కడ లేదు, అక్కడ లేదు, వచ్చే వారం రండి. వచ్చే వారం పరీక్షలు. ఆ తర్వాత బాపుకు కంటి ఆపరేషన్. ఎవరూ ఆపలేదు, దానంతట అదే ఆగిపోయింది, వీధి చివర నల్లాలో నీళ్లు ఆగినట్టు. తను మంచిగనే ఉంది గదా. మెట్లెక్కితే కొంచెం రొప్పు, అంతే. కొంచెం లావైనందుకు అనుకుంది.

మెట్లు. మట్టెవాడలో వాళ్ల అద్దె ఇల్లు రెండో అంతస్తు. పెళ్లయిన కొత్తల్లో సగం మెట్ల దగ్గర జాలీ సందుల్లోంచి బజారును చూస్తున్నట్టు ఆగేది. కింద ఇత్తడి సామాన్ల దుకాణం, గాజుల బండి, ఎప్పుడూ ఫోన్లో అరుస్తుండే బట్టల సేటు. హరికృష్ణ పై మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగేవాడు. మోటార్ వైండింగ్ పని. వేళ్లకు ఎప్పుడూ వార్నిషు వాసన. "ఏం చూస్తానవ్?" "ఊకెనే." అతనూ దిగి వచ్చి పక్కన నిలబడి చూసేవాడు. రోజూ చూసేవాడు. ఆమెకు బజారు ఇష్టమనుకుని ఒక ఆదివారం ఆ మెట్టు మీద వేసుకోవడానికి చిన్న స్టూలు తెచ్చాడు. అంత అమాయకుడు. ఆయాసమని అతనికి చెప్పలేదు, ఎందుకంటే తనకు తాను కూడా చెప్పుకోలేదు. పెళ్లికి ముందే బాపు అంతా చెప్పాడు, పిల్లకు చిన్నప్పుడు గిట్ల జబ్బు చేసింది, గుండెకు మందు వాడినం అని. ఇప్పుడైతే మంచిగున్నది గదా మామా, అన్నాడు హరికృష్ణ. మంచిగనే ఉంది. కడుపు పండేదాకా.

ఐదో నెలలో రక్తం పెరిగి గుండె తలుపు దగ్గర తోసుకుంది. దగ్గు. ఒకరోజు దగ్గులో గులాబీ రంగు నురగ. ఆ రంగు చూసి ఆమెకు మొదట గోలా గుర్తొచ్చింది, తర్వాత భయం. పడుకుంటే నీళ్లలో మునిగినట్టు. దవాఖాన, జెల్ పూసిన చల్లటి పరికరం, తెర మీద తన గుండె రెక్కలు సరిగా విప్పుకోలేక కొట్టుకుంటోంది. ఆ రోజు పచ్చ పరదా ఈవల మంచం మీద ఆమె, ఆవల హరికృష్ణ, దీప మేడమ్. పరదా గుడ్డ మాటల్ని ఆపదని వాళ్లకు గుర్తులేదు.

"కడుపు తీసేస్తె ఆమెకు ఏం కాదా మేడమ్? బిడ్డ పోయినా సరే. నాకు మనిషి దక్కాలె."

ఆ తర్వాత మేడమ్ ఏం చెప్పిందో, బెలూన్ అని, ఇద్దరినీ కాపాడే ప్రయత్నం చేయొచ్చని, అదంతా ఆమె సగమే విన్నది. బిడ్డ పోయినా సరే. ఆ మాట లోపలికి పోయి కూర్చుంది. లోపలున్నోళ్లు కూడా విన్నారా? వాళ్ల నాయిన గొంతును అప్పటికి వాళ్లు గుర్తుపడతారా? ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. మందులిస్తే మింగింది. అడిగితే తల ఊపింది. అంతే. అతనికి కారణం తెలియదు. జబ్బు వల్ల అనుకున్నాడు, భయం వల్ల అనుకున్నాడు, అడగడం మానేశాడు.

కానీ అతని వీపు ఉంది. ఇప్పుడు, ఈ సన్నటి బల్ల మీద, తన వీపు వెతుకుతున్నది ఏమిటో ఆమెకు తెలుస్తోంది. పడుకుంటే ఊపిరి అందదు గనుక కూర్చునే నిద్రపోవాలి. గోడకు ఆనుకుంటే గోడ చల్లగా, గట్టిగా ఉండి వెన్ను నొచ్చేది. మొదటి రాత్రే అతను వచ్చి ఆమె వెనక, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. నాకు ఆనుకో అన్నాడు. ఆనుకున్నది. కోపంతోనే ఆనుకున్నది. అతని వీపు వెచ్చగా ఉండేది, ఊపిరి పోయి వస్తుంటే పడవలా ఎత్తి దించేది. తన ఊపిరి కొసదాకా అందనప్పుడు అతని ఊపిరి వెనక నుంచి ఇంకొంచెం తోసేది. అతను కునికి తల ముందుకు వాలితే ఉలిక్కిపడి సర్దుకునేవాడు, ఆమె కదలకుండా. పొద్దున్నే మెడ పట్టుకుని పనికి పోయేవాడు. రెండు వారాలు ఆ మనిషి మొహం చూడలేదు తను. మొహం చూడకుండా, మాట్లాడకుండా, ఆ మనిషి మీదే ఒరిగి నిద్రపోయింది. రెండు చేతుల్లో ఒకటే పట్టుకునే జాగా ఉంటే మనిషి దేన్ని పట్టుకుంటాడు? అతను ఆమెను పట్టుకున్నాడు. కోపం ఇప్పటికీ ఉంది. ఉండనీ. కోపం పక్కనే ఇంకోటి కూడా ఉంది. దానికి పేరు వెతుకుతుంటే చేతికి దొరకడం లేదు, రంగు మడుగులో...

"ఇప్పుడు, పద్మలతా. బెలూన్ ఊదుతున్న. తల తిరుగుతది. క్షణమే."

దీపం ఆరిపోయింది. ఆరలేదు, దూరం జరిగింది. దరువు ఆగింది. ఎవరో పెద్ద చెయ్యి ఛాతీ లోపల పిడికిలి బిగించింది. ఎరుపు నీలంలోకి పాకింది. చేతులు, చేతులు ఎక్కడ? బల్ల అంచుల్ని పట్టుకుని ఉన్నాయి, ఆడటం లేదు. లోపలున్నోళ్లూ, ఉన్నారా? గట్టిగ పట్టుకోండి. నీళ్లు గొంతు దాకా, పెదవుల దాకా. అమ్మ జడ వేస్తోంది. రాంచందర్ సారు ఎక్కాలు పాడిస్తున్నాడు, వందమంది పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచి...

లోపలికి గాలి వచ్చింది.

వచ్చి, ఆగకుండా, ఇంకా పోయింది. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి, పక్కటెముకల కింద ఎన్నో నెలలుగా మూసిన గదుల్లోకి పోయింది. ఆమె భయపడింది, ఇంత గాలి తనది కాదేమోనని. వదిలి, మళ్లీ తీసుకుంది. మళ్లీ పోయింది. తెర ముందు ఎవరో అంకెలు చదువుతున్నారు. "ఒత్తిడి దిగింది మేడమ్. లీకేజ్ లేదు." "ఇంకొక్కసారి చూడు" అంటోంది దీప మేడమ్, గొంతులో తొందర లేదు, కానీ మాస్కు మీద కళ్లు ముడతలు పడ్డాయి. తర్వాత పొట్ట మీద చల్లటి పరికరం. టకటకటకటక. పెద్ద దరువు కాదు, చిన్నది, గబగబా, ఎక్కడికో పరుగు తీస్తున్న కాళ్ల చప్పుడు.

"వింటానవా?" అంది మేడమ్.

వింటోంది. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి పోతుంటే తుడుచుకోలేదు.

"తలుపు తెరిచినం గని, అది కొత్త తలుపు కాదు. మళ్లా అతుక్కోకుండ చూసుకోవాలె. కాన్పు దాకా నాకు కనపడుతుండాలె. సూదులు మళ్లా మొదలు పెడుతున్నం. ఈసారి ఆపొద్దు."

"ఆపను మేడమ్."

స్ట్రెచర్ బయటికి వచ్చింది. కాలు మడవొద్దన్నారు, గజ్జల్లో బరువైన కట్టు. వరండాలో ఎండ కిటికీ నుంచి పడి గచ్చు మీద పసుపు గుడ్డలా పరుచుకుని ఉంది. గోడ పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బాపు కళ్లద్దాలు తీసి తుడుస్తున్నాడు, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయి. ఇద్దరూ దగ్గరికి రాలేదు. ముందు అతన్ని రానిచ్చారు. హరికృష్ణ స్ట్రెచర్ పక్కన నడుస్తూ వచ్చాడు. గడ్డం మాసి, అంగీ గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని. రెండు వారాల తర్వాత ఆమె అతని మొహాన్ని చూసింది. కళ్ల కింద గుంటలు.

"మేడమ్ చెప్పింది. ఇద్దరు మంచిగున్నరట." స్ట్రెచర్ అంచు పట్టుకున్నాడు. "ఇద్దరు, లతా."

ఆమె అతన్నే చూస్తూ ఉంది. పరదా ఈవల తాను విన్న సంగతి చెప్పాలి ఎప్పుడైనా. చెబుతుంది, ఇంటికి పోయాక, తీరిగ్గా, కొట్లాడుతుంది కూడా. చెయ్యి పైకెత్తి, తప్పుగా పెట్టుకున్న గుండీని విప్పి, సరైన దానిలో పెట్టింది. వేళ్లు కొంచెం వణికాయి, మత్తు వల్ల.

"పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా?" అన్నది.

అతను తల అడ్డంగా ఊపాడు. స్ట్రెచర్ తోస్తున్న ఆయాను ఒక్క నిమిషం ఆగమన్నది పద్మలత.

"బాపూ, ఈయనకు జర అన్నం తినబెట్టు. పోండ్రి. మేమేడికి పోతం, ఈడనే ఉంటం."